కంచె చేను మేయునా?



మా మేనత్తగారు కోనసీమలో పెద్ద సేద్యపు ఇంటికి కోడలుగా వెళ్లిన మనిషి. ఇంటిలో ఎందరు మగవారున్నను, గాదెలోనికి పోవు ధాన్యమును, గాదె నుండి వచ్చు బియ్యమును కొలుచుట ఆమె పనియే. మన రైతుల ఇండ్లలో కొలతకు కూర్చున్నవారు తొలి కొలతను 'ఒకటి' అనరు. 'లాభము' అని పలికి, పిమ్మట 'రెండు, మూడు' అని సాగుదురు. ఆమెకు డెబ్బది యేండ్లు దాటిన తరువాత ఒక సంక్రాంతికి నేను వెళ్లినపుడు, వసారాలో కూర్చుండి మానికతో బియ్యము కొలుచుచుండెను. లాభము, రెండు, మూడు అని, నాలుగవ దానికడ చేయి ఆగెను. క్షణకాలము మానిక వంక చూచి, కొలిచినదంతయు బస్తాలో బోర్లించి, తిరిగి 'లాభము' అని మొదలుపెట్టెను. నేను చూచుచుండగానే అట్లు అయిదారు మారులు జరిగినది. తుదకు తల యెత్తి నన్ను చూచి, "మీదే ఊరు బాబూ? భోజనం చేసి వెళ్లండి" అనెను. పుట్టిన నాటి నుండి నన్ను 'ఒరే' అని తప్ప పిలిచి యెరుగని నోటి నుండి ఆ బహువచనము వెలువడినపుడు, మర్యాద కూడ ఒక్కొక్కవేళ ఎంతటి దుఃఖము కాగలదో నాకు మొదటిసారి తెలిసినది.

ఆ స్థితికి వైద్యులు 'డిమెన్షియా' అని పేరిడుదురు. మనము 'చాదస్తము' అనియో, 'పెద్దతనపు మతిమరుపు' అనియో చెప్పుకొని ఊరకుందుము. భారతదేశమున 60 ఏండ్లు దాటినవారిలో నూటికి 7.4 మంది, అనగా సుమారు 88 లక్షల మంది, ఈ స్థితిలో ఉన్నారని 2023లో వెలువడిన దేశవ్యాప్త పరిశీలన యొకటి లెక్కగట్టినది. దీనికి ముఖ్యకారణము అల్జీమర్ వ్యాధి. చేతులు వణకి నడక బిగుసుకొనిపోవు పార్కిన్సన్ వ్యాధియు, కండరములను నడపు నాడులు ఒక్కొక్కటిగా నశించి మనిషిని మంచమునకు కట్టివేయు ఏ.ఎల్.ఎస్. అను వ్యాధియు దానికి జ్ఞాతులే. నాడీకణములు కాలక్రమమున క్షీణించిపోవుట వీటన్నిటికి సామాన్యలక్షణము. చిరకాలము పరిశోధకుల దృష్టి యంతయు చనిపోవుచున్న ఆ నాడీకణముల మీదనే నిలిచియుండెను. వాటి ప్రక్కనే ఉండి, కాపలా కాయుచున్నవో కాజేయుచున్నవో తెలియనీయని మరియొక జాతి కణములను గూర్చి నేడు మీతో ముచ్చటింపదలచితిని. వాటి పేరు మైక్రోగ్లియా. అవి మెదడునకు సొంతమైన రక్షకకణములు.

కథ 1901వ సంవత్సరము నవంబరు మాసమున, జర్మనీ దేశపు ఫ్రాంక్‌ఫర్ట్ నగరమున మొదలగుచున్నది. అచ్చటి మానసిక చికిత్సాలయమున 51 ఏండ్ల ఆగస్టా డేటర్ అను ఇల్లాలిని చేర్చిరి. ఆలోయిస్ అల్జీమర్ అను వైద్యుడు ఆమె భోజనము చేయుచుండగా ప్రక్కన కూర్చుండి, పళ్లెములో పందిమాంసము, కాలీఫ్లవరు ఉండగా, ఏమి తినుచున్నావమ్మా అని యడిగి, పాలకూర అని ఆమె యిచ్చిన సమాధానమును తన కాగితములలో వ్రాసికొనెను. 1906లో ఆమె మరణించిన పిమ్మట ఆమె మెదడును సూక్ష్మదర్శిని క్రింద పరిశీలించి, కణముల వెలుపల కొఱ్ఱగింజల వంటి ముద్దలను, కణముల లోపల చిక్కుపడిన నూలు వంటి పోగులను చూచెను. ఆ సంవత్సరమే నవంబరు 3వ తేదీన ట్యూబింగెన్ పట్టణపు సభలో ఆయన ఈ సంగతి వివరింపగా, విన్నవారిలో ఎవ్వరును ఒక్క ప్రశ్నయైనను వేయలేదు. ముద్దలు, పోగులు తరువాతి కాలమున లోకప్రసిద్ధములైనవి. కాని ఆయన ఆ ప్రసంగమును ప్రకటించిన పత్రముననే మరియొక మాట కూడ వ్రాసియుండెను: నాడీకణముల నడుమనున్న గ్లియా కణములు పెక్కింటిలో క్రొవ్వుతిత్తులు కనబడుచున్నవని. ఆ మాటను చాలకాలము ఎవ్వరును పట్టించుకొనలేదు.

పట్టించుకొనకపోవుటకు కారణము ఆ పేరులోనే కలదు. గ్లియా యనగా గ్రీకుభాషలో జిగురు. పందొమ్మిదవ శతాబ్దము నడుమ రుడాల్ఫ్ విర్కో, నాడీకణముల నడిమి సందులను పూడ్చు పదార్థమని తలచి ఆ పేరు పెట్టెను. గోడను చూచువాడు ఇటుకలను ఎంచును గాని సున్నమును ఎంచడు గదా! నాడీకణము దేనికది విడివిడిగానుండు స్వతంత్రవ్యక్తి యని స్థాపించి, 1906లో నోబెల్ బహుమానమును పంచుకొన్న స్పెయిన్ దేశపు మహామహుడు సాంటియాగో రామోన్ ఇ కాజాల్ సైతము, తన రంగులకు అందని చిన్న కణములన్నిటిని ఒక్క గంపలో వేసి, 1913లో 'మూడవ అంశము' అని పేరు పెట్టి వదలివేసెను.

ఆ గంపను విప్పినవాడు పియో దెల్ రియో ఒర్తేగా. ఆయన గురువు నికొలాస్ అచుకార్రో, మ్యూనిక్ నగరమున సాక్షాత్తు అల్జీమర్ కడనే పని నేర్చినవాడు. కావున ఈ విద్య ఫ్రాంక్‌ఫర్ట్ మంచము నుండి మాడ్రిడ్ బల్ల వరకు గురుశిష్య పరంపరగా నడచినదనుట అతిశయోక్తి కాదు. మెదడును సన్నని రేకులుగా కోసి, వెండి లవణమైన సిల్వర్ కార్బొనేటు ద్రావణమున నాననిచ్చి, వెండి కొన్ని కణముల మీదనే నల్లగా దిగునట్లు చేయు పద్ధతి నొకదానిని ఒర్తేగా 1918లో కనిపెట్టెను. మరుసటి సంవత్సరము, ఆ నల్లని వెండిగీతలలో, అంతవరకు ఎవ్వరును స్పష్టముగా చూడని జీవి యొకటి ప్రత్యక్షమైనది: చిన్న శరీరము, దాని నుండి నలుదెసలకు తుమ్మకొమ్మల వలె ముళ్లముళ్లగా చాచుకొన్న చేతులు. మెదడునకు దెబ్బ తగిలినచోట ఆ చేతులు ముడుచుకొని, ఒడలు ఉబ్బి, అది అమీబా వలె ప్రాకుచు, చచ్చిన కణముల శకలములను మ్రింగుచుండుట కూడ ఆయన చూచెను. ఇవి నాడీజాతికి చెందినవి కావు, గర్భస్థదశలో వెలుపలి నుండి మెదడులోనికి వలసవచ్చినవి అని ఆయన పట్టుబట్టి చెప్పెను. ఒక్కచోట పనిచేయుచున్న కాజాలునకు ఆయనకు పొసగక, 1920లో ఒర్తేగా ఆ ప్రయోగశాలను వీడవలసివచ్చెను. పిమ్మట అంతఃకలహము స్పెయిన్ దేశమును దహింపగా పారిస్, ఆక్స్‌ఫర్డ్ నగరముల మీదుగా సముద్రము దాటి, 1945లో బ్యూనస్ ఎయిరిస్‌లో, పరదేశమున కన్నుమూసెను. ఆయన చెప్పిన వలసమాట నిజమని 2010లో తేలినది: చుంచెలుక పిండములో రక్తము ఇంకను సరిగా ఏర్పడని తొలినాళ్లలో, పీతకోశము, అనగా సొనసంచి, నుండి బయలుదేరిన కణములే మెదడు చేరి మైక్రోగ్లియాగా స్థిరపడునని ఫ్లోరెంట్ జిన్హూ, మిరియమ్ మెరాద్ మొదలగువారు చూపిరి. మెదడునకు రక్తము నుండి అడ్డుగోడ యున్నందున బయటి రక్షకకణములు లోనికి సులభముగా రాజాలవు. తొలినాడు వచ్చి చేరిన ఈ వలసకుటుంబమే తనలో తాను పెంపొందుచు, ఆజన్మము ఆ కోటను కాయుచుండును. మెదడులోని కణములలో ఇవి సుమారు నూటికి ఐదు నుండి పది మాత్రమే.

వెండితో రంగుపట్టిన రేకులో కనబడునది శవమే. బ్రతికియున్నపుడు ఈ కావలివాడు ఏమి చేయుచుండును? కదలక మెదలక కొమ్మలు చాచుకొని యుండునని ఎనుబది యేండ్లకు పైగా నమ్మిరి; 'విశ్రాంత కణము' అని పేరు కూడ పెట్టిరి. 2005లో ఆక్సెల్ నిమ్మర్‌యాన్, ఆయన సహచరులు చుంచెలుక పుఱ్ఱెను ఒకచోట కాగితము వలె పలుచగా గీకి, ఆ గవాక్షము గుండా లేజరు కాంతితో సజీవమైన మెదడులోనికి తొంగిచూచిరి. విశ్రాంతి యెక్కడిది! శరీరము ఉన్నచోటనే యుండ, చేతులు మాత్రము క్షణమైన ఆగక చాచుచు, ముడుచుచు, తడవుచు, మరల చాచుచు, ప్రతి కణము తన వంతు ఎల్లలోపలి జాగానంతటిని గాలించుచుండెను. అన్నియు కలసి కొన్ని గంటలలో మెదడునంతటిని ఒకమారు చుట్టివచ్చునని వారు గణించిరి. ఆ యేడే న్యూయార్కులో మరియొక బృందము లేజరుతో చిన్న గాయము చేయగా, అరగంట లోపల చుట్టుప్రక్కల మైక్రోగ్లియా చేతులన్నియు అచ్చటికి వచ్చి, గాయమునకు చుట్టును దడి కట్టినవి.

గాయము తగిలిన వార్తను వాటికి మోసికొనిపోవునది ఏ.టి.పి. అను అణువు. సాధారణముగా అది కణములోపలనే ఉండి పనులకు శక్తి నిచ్చును. కణము చిరిగిన తోడనే బయటికి ఒలికి ఆపదసూచన యగును. తెలుగువారు ఇచ్చట ఒక్క క్షణము ఆగవలెను. ఈ ఏ.టి.పి.ని 1929లో హార్వర్డు విశ్వవిద్యాలయమున సైరస్ ఫిస్కేతో కూడి కండరము నుండి వేరుపరచినవాడు భీమవరమున జన్మించిన మన యల్లాప్రగడ సుబ్బారావు. అదే యేడు జర్మనీలో కార్ల్ లోమన్ కూడ స్వతంత్రముగా దానిని కనుగొనెను. కండరపు శక్తికై వెదకి పట్టిన అణువు, మెదడులోని కావలివానికి కేక కూడ అగునని ఆనాడు ఎవ్వరు ఊహింపగలరు?

కావలి యొక్కటే కాదు, కలుపు తీయుట కూడ ఈ కణముల పనియే. శైశవమున మెదడు, అవసరమునకు మించి నాడీసంధులను, అనగా ఒక నాడీకణము మరియొకదానితో మాటాడు కూడళ్లను, ఏర్పరచుకొనును. ఒత్తుగా చల్లిన నారుమడి వలె ఉన్న ఆ సంధులలో పనికిరాని వాటి మీద 'కాంప్లిమెంట్' అను ప్రోటీను గుర్తుగా అంటుకొనును. గుర్తు పడినవానిని మైక్రోగ్లియా పెరికి మ్రింగును. చుంచెలుక పిల్లల దృష్టిమార్గమున ఇది జరుగుటను బెత్ స్టీవెన్స్, డొరొథీ షేఫర్ మొదలగువారు 2012లో చూపిరి. కలుపు తీయని చేను పండదు. ఆ మ్రింగుడు లేనిదే మెదడు పదునెక్కదు. ఐతే 2016లో స్టీవెన్స్ బృందమే వేరొక సంగతిని వెల్లడించినది: అల్జీమర్ వ్యాధి లక్షణములు కలుగునట్లు పెంచిన చుంచెలుకలలో, ముద్దలు గట్టిపడుటకు ముందుగనే, అదే కాంప్లిమెంట్ గుర్తు మరల సంధుల మీద పడుచున్నది, అవే మైక్రోగ్లియా మరల వాటిని మ్రింగుచున్నవి. చేయి అదే, కొడవలి అదే. మొలకనాడు తీసినది కలుపు, వెన్నువేసిన నాడు కోసినది పంట. మన పెద్దలు కంచె చేను మేయుట అన్నది దీనినే గదా అని తోచకమానదు.

ఆ అనుమానము అంతకు ముందే పుట్టియుండెను. 1980ల చివర కెనడా దేశపు వాంకూవర్ నగరమున పాట్రిక్ మెక్‌గీర్, ఎడిత్ మెక్‌గీర్ దంపతులు, పార్కిన్సన్, అల్జీమర్ వ్యాధులతో మరణించినవారి మెదళ్లలో, దెబ్బతిన్న తావులయందు ఉద్రిక్తమైన మైక్రోగ్లియా గుమిగూడి యుండుటను చూపిరి. కీళ్లవాతమునకు ఏండ్ల తరబడి వాపుమందులు వాడినవారిలో అల్జీమర్ తక్కువగా కనబడుచున్నదన్న లెక్కలు కూడ తోడుపడినవి. ఇక నేమి, కాపలావాడే దొంగ. వానిని కట్టివేసిన చాలును అనుకొనిరి. అమెరికాలో 70 ఏండ్లు నిండిన, కుటుంబమున ఈ వ్యాధి గల 2,500 మందికి పైగా వ్యక్తులకు అట్టి మందులనిచ్చి, మందు లేని మాత్రలతో పోల్చి పెద్ద పరీక్ష నడపిరి. గుండెకు చేటు కలుగునేమోయను భయముతో 2004లో ఆ మాత్రలను ఆపివేసిరి. మెదడునకు కలిగిన రక్షణ ఏదియు తేలలేదు. కొలిచిన బియ్యమంతయు మరల బస్తాలో పోయవలసివచ్చినది.

అటుపై 2013లో జన్యుశాస్త్రము అడ్డముగా వచ్చి నిలిచినది. ఐస్‌లాండు ప్రజల జన్యువులను పరిశీలించిన బృందమును, లండనులో కేంద్రముగా పనిచేసిన మరియొక బృందమును, ఒకే సమయమున ఒకే జన్యువును వేలెత్తి చూపినవి. దాని పేరు ట్రెమ్-2. మెదడులో దీనిని ధరించునది మైక్రోగ్లియాయే; క్రొవ్వుపదార్థములను, కణశకలములను తడిమి గుర్తించు స్పర్శేంద్రియము వంటిదది. అందులో ఒక్క అక్షరము మారినచో అల్జీమర్ వచ్చు అపాయము సుమారు మూడు రెట్లగును. ఇంతకు ఆ మార్పు చేయునదేమి? కావలివానికి కోపము తెప్పించుట కాదు; కునుకు పట్టించుట! ట్రెమ్-2 సరిగా పనిచేయనపుడు మైక్రోగ్లియా ముద్దల చుట్టును చేరవు, దడి కట్టవు. ముద్దలు పీచువారి, ప్రక్కనున్న నాడీతంతువులను మరింతగా గాయపరచును. ఈ జన్యువు తల్లి నుండియు తండ్రి నుండియు చెడియే వచ్చినవారికి, ఫిన్లాండు, జపాను దేశములలో మొదట గుర్తింపబడిన నాసు-హకోలా వ్యాధి సంక్రమించి, యౌవనమున ఎముకలు విరిగి, నలుబదులలోనే మతి పోవుచున్నది. కంచె చేను మేసినదని కంచెను పీకివేయ సిద్ధపడినవారికి, కంచె లేని చేని గతి ఎట్టిదో ప్రకృతియే చూపినది.

అట్లయిన ఈ కణము మిత్రమా, శత్రువా? ఆ ప్రశ్నయే సరికాదని నా మనవి. ఏ.ఎల్.ఎస్. వ్యాధి కలుగజేయు జన్యుదోషము గల చుంచెలుకల మీద 2006లో జరిగిన ప్రయోగము దీనికి సాక్ష్యము. ఆ దోషమును నాడీకణములలో తగ్గించినచో వ్యాధి ఆరంభమే ఆలస్యమైనది. మైక్రోగ్లియాలో తగ్గించినచో ఆరంభము మారలేదు గాని, మొదలైన వ్యాధి ముదురుట మిక్కిలి మందగించినది. నిప్పు పెట్టినది ఒకరు, దానికి గాలి విసరినది వేరొకరు. 2017లో ఇజ్రాయెల్ దేశపు వైజ్‌మన్ సంస్థలో ఒక్కొక్క కణమును విడిగా తీసి అందులో ఏ జన్యువులు మేలుకొనియున్నవో చదివినపుడు, రోగగ్రస్తమైన మెదడులో మైక్రోగ్లియా రెండంచెలుగా రూపు మార్చుకొనుననియు, రెండవ అంచె దాటుటకు ట్రెమ్-2 అవసరమనియు తేలినది. 2024లో, అల్జీమర్ అపాయమును హెచ్చించు ఏపీఓఈ-4 అను జన్యురూపము గలవారి మైక్రోగ్లియాలో క్రొవ్వు బిందువులు నిండుననియు, అట్టి కణములు ప్రక్కనున్న నాడీకణములకు చేటుచేయుననియు స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ప్రకటించిరి. ఆనాడు ట్యూబింగెన్ సభలో ప్రశ్నకైనను నోచుకొనని ఆ క్రొవ్వుతిత్తుల వైపునకు పరిశోధన నూటపదునెనిమిది యేండ్లు చుట్టి మరల వచ్చినది.

చికిత్స మాటకు వత్తము. అమెరికాలో 2023లో అనుమతి పొందిన లెకానెమాబ్ అను మందు అల్జీమర్ ముద్దలకు అంటుకొను ప్రతిదేహము. అంటుకొన్నదానిని ఊడ్చివేయు పని చాలవరకు మన మైక్రోగ్లియాకే పడును. పదునెనిమిది నెలల పరీక్షలో అది వ్యాధి ముదురుటను నూటికి 27 వంతులు మందగింపజేసినది. కొందరిలో మెదడు వాచుట, సన్నగా రక్తము చిమ్ముట అను కీడులను కూడ తెచ్చినది. పోయిన జ్ఞాపకమును తిరిగి తెచ్చు మందు మాత్రము కాదది. ట్రెమ్-2ను తట్టి లేపుటకు చేసిన ప్రతిదేహ మొకటి, ఎంతో ఆశ కలిగించియు, 2024 చివర వెలువడిన ఫలితములలో వ్యాధిని మందగింపజేయలేకపోయినది. అణచుట ఫలింపలేదు, లేపుట ఫలింపలేదు. ఈ రెండు పరాజయములను ప్రక్క ప్రక్కన పెట్టి చూచినపుడు నాకు తోచుచున్నది ఒక్కటే: ఎంత అన్నది గాదు, ఎప్పుడు అన్నదే అసలు ప్రశ్న. కార్తె తెలియక చేసిన సేద్యము ఎరువు వేసినను చెడును, నీరు కట్టినను చెడును. మతిమరుపు బయటపడుటకు పది పదునైదు ఏండ్లకు ముందే మెదడులో వ్యాధి వేళ్లూనునని ఇప్పుడు తెలిసినది గనుక, ఏ అంచెలో కావలివానిని మేల్కొలుపవలెను, ఏ అంచెలో శాంతింపజేయవలెను అన్నది నిర్ణయించుటయే నేటి పరిశోధనకు ముఖ్యకర్తవ్యము.

ఈ కారణముననే శ్రోతలకు ఒక విన్నపము. రోగనిరోధకశక్తిని పెంచునని అంగడిలో అమ్ము లేహ్యములను గాని, వాపు తగ్గించునని ఎవరో చెప్పిన మాత్రలను గాని, మతిమరుపు రాకుండుటకై ఇంటిలోని పెద్దలకు సొంతముగా ఇయ్యవలదు. నిరోధకశక్తి అనునది జాడీలో నింపుకొను నేయి కాదు, ఎక్కువైనకొలది మేలనుటకు. రక్తపుపోటును, మధుమేహమును అదుపులో నుంచుట, చెవి వినబడనివారికి వినికిడి యంత్రము అమర్చుట, నడక మానకుండుట, నలుగురితో మాటాడుట మాత్రము అందరును చేయదగిన పనులు. పెద్దవారు మొదటిసారి లెక్క తప్పిన నాడే చాదస్తమని నవ్వి త్రోసివేయక వైద్యునికడకు కొనిపోవుట అంతకంటెను ముఖ్యము. మేము ఆ పని చేయలేదు. ఆనాడు బియ్యము మరల బోర్లించుటను చూచి పిల్లలు నవ్విరి. పెద్దవారము చూచి చూడనట్లు ఊరకుంటిమి.

మా మేనత్తగారు ఇప్పుడు లేరు. ఆమె మానిక మా ఇంటిలోనే ఉన్నది. ఈ శాస్త్రచరిత్రను చదువునపుడెల్ల ఆ వసారా నా కంటికి కట్టును. జిగురన్నారు, కాదని బోర్లించిరి. విశ్రాంతకణమన్నారు, కాదని బోర్లించిరి. దొంగ యన్నారు, అదియు కాదని బోర్లించి, మరల మొదటి కొలతకు వచ్చిరి. ఐతే ఆమె మొదలుపెట్టుట మరచిపోయినందువలన. వీరు మొదలుపెట్టుట, తప్పిన కొలతలను మరువనందువలన. కావున వీరు మరల మానిక ముంచి, తొలి కొలతను మన రైతుల మాటలో 'లాభము' అని పిలిచినచో, ఆ మాట తప్పు కాదని నా విశ్వాసము.